గట్టి ముద్ర, భద్రమైన ముద్ర

ఈ మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు పిలిచి, "మీ వృత్తి అనుభవాలు పిల్లలకు చెప్పండి మేడమ్" అన్నారు. వెళ్లాను. మైకు ముందు పావుగంట మాట్లాడాను. కష్టపడాలి, నేర్చుకుంటూ ఉండాలి అని అందరూ చెప్పేవే నేనూ చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ముప్పై ఏళ్లు చేసిన పనిలో నాకు నిజంగా బుద్ధి చెప్పిన సంగతి ఒక్కటీ చెప్పలేదు.

అది ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడు ఏ పదవిలో ఉన్నానో రాయను. అది నాకే సరిగా గుర్తులేదు, మీకు దాంతో పనీ లేదు. నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తాను. దాని వల్ల ఒక పెద్దమనిషి నలుగురిలో తల దించుకోవాల్సి వచ్చింది.

నీళ్ల ఆఫీసు

మా కంపెనీ సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో, ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉండేది. ఐటీ గాలి జోరుగా వీస్తున్న రోజులు. నగరానికి అటువైపు అద్దాల మేడలు లేస్తుంటే మేం ఇటువైపు గిన్నెల చప్పుడు మీద కూర్చుని, డిజిటల్ ఫోటోల్లో కంటికి కనిపించని ముద్రలు దాచేవాళ్లం. ఈ పనిని వాటర్‌మార్కింగ్ అంటారు. నోటును వెలుతురుకెత్తి పట్టుకుంటే లోపల బొమ్మ కనిపిస్తుంది కదా, ఆ పేరే దీనికీ పెట్టారు.

బోర్డు తెలుగులో కూడా ఉండాలంటే పెయింటరును పిలిచాం. అతను వాటర్ అంటే నీళ్లు, మార్క్ అంటే గుర్తు అనుకుని, నీలం రంగులో "నీటి గుర్తుల సంస్థ" అని చక్కగా రాసిపెట్టాడు. వారం తిరక్కుండా జనం మెట్లెక్కి రావడం మొదలైంది. ఒకావిడ బిల్లు పట్టుకుని నా బల్ల ముందే కూర్చుంది. "మూడు దినాల సంది నల్లా వస్తలేదు. మీరేమో ఈడ ఫ్యాన్ కింద కూసున్నరు" అంది.

మా సారు మాధవరెడ్డి గారు ఆవిడకు మంచినీళ్లిప్పించి, అసలు నీళ్ల ఆఫీసుకు అర్జీ తనే రాసిచ్చారు. ఆయనది బోయిన్‌పల్లి. మిలిటరీలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి, ముందుగానే బయటికొచ్చి ఈ కంపెనీ పెట్టుకున్నారు. బోర్డు మార్పిద్దాం సార్ అంటే, "ఉండనియ్యున్రి మేడమ్. గీ పేరుతోనన్న నలుగురు వస్తున్నరు, ముద్రల కోసం ఎవ్వలు వస్తలేరు గదా" అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు.

మాది విజయనగరం వైపు. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల చిన్నప్పుడే వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డాం. నా పని ఏమిటో అమ్మకు వివరించబోతే, "కనపడకుండా పెట్టడమేటే? పెట్టేవని ఎలా తెలుస్తాది? మరి నీకు జీతం ఎలాగిస్తన్నారు?" అని అడిగింది. తర్వాత ఎన్నో సెమినార్లలో ఎందరో ప్రశ్నలడిగారు గానీ, అంత సూటిగా ఎవరూ అడగలేదు.

రెండు మాటలు

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు రెండు మాటలకు తేడా తెలుసుకోవాలి. ముద్ర గట్టిగా ఉండటం వేరు, భద్రంగా ఉండటం వేరు.

గట్టి ముద్ర అంటే, ఫోటోకు ఏమైనా చెరగనిది. ఫోటోను కుదించినా, అంచులు కోసినా, చవక కాగితం మీద అచ్చువేసి మళ్లీ స్కాన్ చేసినా మా ప్రోగ్రాం దాన్ని కనిపెట్టగలగాలి. ఇక్కడ ఫోటోను పాడుచేసేవాడికి ముద్ర ఉందన్న సంగతే తెలియదు. వాడికి మన మీద పగేమీ లేదు.

భద్రమైన ముద్ర సంగతి వేరు. అక్కడ ఎదుటివాడికి ముద్ర ఉందని తెలుసు. దాన్ని పీకేద్దామనో, పీకి ఇంకో ఫోటోకు అంటిద్దామనో కూర్చుంటాడు. తెలివైనవాడు, తీరిక ఉన్నవాడు. వాడి చేతికి కూడా చిక్కకుండా ఉండాలి.

చిక్కేమిటంటే, ఈ రెండూ కలిసి రావు. గట్టిగా ఉండాలని ముద్రను లోతుగా అద్దితే, అన్నిచోట్లా అద్దితే, వెతికేవాడికి దొరకడం సులువవుతుంది. దొరక్కూడదని పలచగా, ఫోటోకో రకంగా దాస్తే, ఒక్కోసారి మనకే దొరకదు. పుస్తకాల్లో ఈ విషయం మీద మంచి సమీకరణాలున్నాయి. నాకు అవన్నీ నోటికొచ్చు. అయినా తప్పు చేశాను.

మా సారుకు గట్టిదనం అంటే ప్రాణం. ముద్ర వేసిన ఫోటోను అచ్చు తీయించి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. స్కూటర్ మీద బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి, కూరగాయలు కొనుక్కుని, చెమటతో, ఒక్కోసారి టమాటా రసంతో తడిసిన ఫోటోను తెచ్చి నా బల్ల మీద పరిచేవారు. "జెర స్కాన్ చేయున్రి. నిలబడ్డదా?" అనేవారు. నిలబడింది సార్ అంటే ఆయన ముఖం చూడాలి. ఆ ముఖం కోసమే నేను ముద్రను ఇంకాస్త గట్టి చేసేదాన్ని. మంచి బాస్ దగ్గర పనిచేయడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఆయనకు నచ్చేదే మనకూ ముఖ్యమని అనిపిస్తుంది.

విఠల్‌రావు గారు

మా ఆఫీసుకు రెండు గల్లీల అవతల విఠల్‌రావు గారి ఫోటో స్టూడియో ఉండేది. అరవై దాటిన మనిషి. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, మెడలో తాడుతో కళ్లద్దాలు. పెళ్లి ఫోటోలతో ఇల్లు గడుపుకుంటూ, మిగతా టైమంతా ఊరిని ఫోటోలు తీశారు. బోనాలు, స్టేషన్లో కూలీలు, వానలో తడుస్తున్న రిక్షాలు, కంటోన్మెంట్ బ్యాండు. నలభై ఏళ్ల ఫోటోలు. ఒక వానాకాలం స్టూడియోలోకి నీళ్లొచ్చి, కింది అరల్లో ఉన్న నెగటివులన్నీ అతుక్కుపోయాయి. పై అరల్లోని ప్రింట్లు మాత్రం మిగిలాయి.

ఆయన మొదటిసారి మా మెట్లెక్కి వచ్చినప్పుడు నల్లా కనెక్షన్ కోసమేమో అనుకున్నాను. చేతిలో ఒక గోడ క్యాలెండర్ ఉంది. దాని మీద బోనం ఎత్తుకున్న ముసలమ్మ ఫోటో.

"ఇది నేను తీసింది బిడ్డా" అన్నారు. "పైసల ముచ్చట కాదు. కింద పేరు లేదు. నెగటివులు పోయినయి, నాది అని ఎట్ల చెప్పాలె? మీరు ఫోటోల పేరు దాస్తరంట గదా."

ఆయన ప్రింట్లు అన్నీ ఒకే కొలతవి. మా స్కానర్ మీద ఒకే మూలకు ఆనించి, ఒక్కొక్కటే స్కాన్ చేసి, ముద్ర వేయడం మొదలుపెట్టాం. ఇక్కడే నేను ఆ నిర్ణయం తీసుకున్నాను.

ముద్ర ఆకారాన్ని ఒక రహస్య సంఖ్య నిర్ణయిస్తుంది. దాన్ని కీ అంటాం. ఫోటోకో కీ వాడితే భద్రం. కానీ ఎక్కడో దొరికిన చిరిగిన ముక్క ఏ ఫోటోదో తెలియదు కాబట్టి, అన్ని కీలూ ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. క్యాలెండర్ కాగితం మీద సగంసార్లు ఏదీ తేలేది కాదు. విఠల్‌రావు గారి ఫోటోలన్నిటికీ ఒకే కీ పెట్టి, అదే ముద్రను నేల మీద గచ్చు బిళ్లలు పరిచినట్టు ఫోటో అంతా పరిచాను. అప్పుడు చూడండి, అరచేతి ముక్క ఇచ్చినా ప్రోగ్రాం ఆయన పేరు చెప్పేసేది. నాకు గర్వం తలకెక్కింది.

మా సారు ఒక్క ప్రశ్న అడిగారు. "అన్నిట్ల ఒకటే ఉంటే, ఎవడన్న పట్టుకుంటడేమో గదా మేడమ్?"

"క్యాలెండర్లు వేసుకునేవాళ్లకు గణితం ఎందుకొస్తుంది సార్?" అన్నాను.

నా నోట్‌బుక్‌లో మాత్రం "ఒకే కీ వాడాను, తర్వాత చూడాలి" అని రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఇంజినీర్లు రాసుకునే మాటల్లో "తర్వాత చూడాలి" కంటే ప్రమాదకరమైనది నేను చూడలేదు. తప్పు తెలియక చేసినవాళ్లను క్షమించవచ్చు. నేను తెలిసి చేసి, రాసి మరీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఎవరికి ప్రింటు ఇచ్చినా ముద్ర ఉన్నదే ఇచ్చేవారు. మరుసటి ఏడాది మరో క్యాలెండర్‌లో అలాంటి ఫోటో ఒకటి దొరికింది. స్కాన్ చేస్తే పేరు పలికింది. ప్రెస్సు యజమాని సత్తయ్య గారు దాన్ని చూసి, "మా ఆర్టిస్ట్ ఏడికెల్లి తెచ్చిండో నాకు ఎరుకలేదు సార్, మాఫ్ చేయున్రి" అని, ఆ తర్వాత వేసిన క్యాలెండర్‌లో పేరు అచ్చువేశారు. విఠల్‌రావు గారు ఆ క్యాలెండర్లు పదో పన్నెండో తెచ్చి మాకందరికీ పంచారు. మా సారు మిర్చి బజ్జీలు తెప్పించారు. ఆ రోజు నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

టిఫిన్ బాక్సు ఫోటో

ఆ తర్వాత ఒక వెబ్‌సైట్ కంపెనీవాళ్లు విఠల్‌రావు గారిని కలిసి, "మీ ఫోటోలు ప్రపంచమంతా చూస్తుంది" అన్నారు. ఆయన సంబరపడి, మేం ముద్ర వేసిచ్చిన వంద ఫోటోల సీడీ ఒకటి వాళ్ల చేతిలో పెట్టారు. కాగితం రాయించుకోలేదు. ఆర్నెల్లకు ఆ ఫోటోలు అంచులు కోసి సైట్లో పెట్టారు. ఆయన పేరు లేదు. అడిగితే, మీ సీడీ మాకు అందనేలేదు, ఇవి వేరేవాళ్ల దగ్గర తీసుకున్నవి అన్నారు.

ముద్ర ఉంది కదా అని మేం ధీమాగా ఉన్నాం. సికింద్రాబాద్‌లో ఫోటోగ్రాఫర్ల సంఘం ఒకటుండేది. దాన్ని పెట్టినవాళ్లలో విఠల్‌రావు గారూ ఒకరు. సంఘం పెద్దలు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టారు. చిన్న హాలు, నలభై మంది దాకా ఫోటోగ్రాఫర్లు. ముందు వరుసలో సత్తయ్య గారు కూడా ఉన్నారు. నేను సైట్లోని ఫోటోలు ఒక్కొక్కటే ప్రోగ్రాంలో వేసి చూపించాను. ప్రతిదానికీ తెర మీద "విఠల్‌రావు" అని వచ్చింది.

అప్పుడు అవతలి కంపెనీ ఇంజినీరు లేచాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. "మేడమ్, ఇవి కూడా ఒకసారి వేసి చూస్తారా?" అని మూడు ఫోటోలున్న సీడీ ఇచ్చాడు. మొదటిది అతని టిఫిన్ బాక్సు. పొద్దున వాళ్ల ఆఫీసులో డిజిటల్ కెమెరాతో తీశాడట. అందులో పులిహోర ఉంది.

తెర మీద "విఠల్‌రావు" అని వచ్చింది.

హాలంతా నవ్వింది. రెండోది వాళ్ల ఆఫీసు తలుపు. విఠల్‌రావు. మూడోది అతని స్కూటర్. అదీ విఠల్‌రావే. నవ్వులు ఆగాయి. అది ఇంకా ఘోరం.

"ఈ మెషీన్ దేన్నయినా ఆయనదే అంటుందండి. అంతే మేము చెప్పేది" అని అతను కూర్చున్నాడు.

సత్తయ్య గారు లేచారు. "అట్లయితే గప్పుడు నేను ఊకెనే మాఫీ అడిగిన్నా? విఠలన్నా, నువ్వే చెప్పు."

విఠల్‌రావు గారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయారు. సంఘం కార్యదర్శి పది రోజులు గడువిచ్చాడు. ఆలోగా ఆధారం చూపకపోతే, అబద్ధపు దావా తెచ్చారని తీర్మానం రాసి, సభ్యుల జాబితాలోంచి ఆయన పేరు తీసేస్తామన్నాడు. కింద పేరు లేదని మా దగ్గరికొచ్చిన మనిషికి, మా వల్ల ఉన్న పేరూ పోయేలా ఉంది.

అతను ఎలా చేశాడో నాకు అక్కడే తెలిసిపోయింది. ఆ వంద ఫోటోల్లో బొమ్మలు వేరు, ముద్ర ఒకటే. వందింటినీ కలిపి సగటు తీస్తే బొమ్మలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, అన్నిట్లో ఉన్న ముద్ర మిగులుతుంది. దాన్ని తీసి టిఫిన్ బాక్సుకు అద్దాడు. నేను అతని స్థానంలో ఉంటే అదే చేసేదాన్ని.

మెట్లు దిగుతుంటే మా సారు అన్నారు. "పేరుల భద్రం ఉన్నది గదా సుభద్రమ్మా, పనిల సుత జెర పెట్టాల్సింది." ఆయన నవ్వించడానికే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే, స్టేషన్ రోడ్డు మీద, జనం చూస్తుండగా ఏడ్చాను.

ఎల్లమ్మ చెప్పిన మాట

ఆ ఆదివారం మెట్టుగూడలో మా ఇంటికి ఎల్లమ్మ బట్టల మూట తెచ్చింది. మా వీధి బట్టలన్నీ ఇరవై ఏళ్లుగా ఆమే ఉతికేది. ఇంటికో గుర్తు. నల్లజీడి గింజ రసంలో సూది ముంచి బట్ట అంచు మీద పెట్టేది. మాది రెండు చుక్కలు, ఒక గీత. ఎన్నిసార్లు ఉడకబెట్టినా, బండకేసి బాదినా అది పోదు.

మూటలో ఒక తెల్ల దుప్పటి మాది కాదనిపించింది. తిప్పి చూస్తే అంచు మీద రెండు చుక్కలు, ఒక గీత ఉన్నాయి. గుర్తుంది కాబట్టి మాదేనేమో అన్నాను.

ఎల్లమ్మ దుప్పటి విప్పి, వెలుతురుకు పట్టి చూసింది. "మీది కాదమ్మా. మా మరిది తప్పు పెట్టిండు గుర్తు. మీ దుప్పటికి గీ మూలకు పసుపు మరకుంటది. ఎంత ఉతికినా పోలే. దీనికి లేదు."

"గుర్తు కంటే మరకనే నమ్ముతావా?" అన్నాను.

"గుర్తుదేముందమ్మా, మేం పెట్టినట్టే ఇంకొకలు సుత పెడ్తరు. మరక ఎవ్వలు పెట్టరు. అది అయితది" అంది, దుప్పటి మడత పెట్టి పక్కన పడేస్తూ.

ఆమె మిగతా బట్టలు లెక్క చెబుతూనే ఉంది, నేను వినలేదు. వంద ఫోటోల్లోనూ ఒకటిగా ఉన్నది నా ముద్ర ఒక్కటేనా? అవన్నీ ఒకే స్కానర్ మీద, ఒకే మూలకు ఆనించి తీసినవి. ఆ స్కానర్ అద్దం మీద మరకేదైనా ఉంటే, అది కూడా వందింట్లోనూ అదే చోట పడి ఉంటుంది.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే స్కానర్ మూత ఎత్తి, అద్దాన్ని పక్కనుంచి వెలుతురులో చూశాను. ఎడమ అంచు దగ్గర వెంట్రుకవాసి గీత ఒకటి, కొంచెం ఏటవాలుగా ఉంది. ఏ ఒక్క ఫోటోలో చూసినా కంటికి ఆనదు. మా దగ్గరున్న వంద స్కాన్లకు అతను చేసినట్టే సగటు తీశాను. నా ముద్ర తేలింది, దాంతో పాటు ఎడమ అంచున ఆ గీత కూడా తేలింది. అతని మూడు ఫోటోలనూ తెరిచాను. టిఫిన్ బాక్సు ఎడమ అంచున అదే ఏటవాలు, అదే పొడవు. తలుపు మీద, స్కూటర్ మీద కూడా. ముద్ర బాగా పలకాలని అతను కాస్త ఎక్కువ గట్టిగా అద్దాడు. గీత కూడా అంత గట్టిగానే పడింది. గట్టిదనం మోజు నా ఒక్కదానికే కాదన్నమాట.

ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వాళ్ల సైట్లో పెట్టిన ఫోటోలకు అంచులు కోసేశారు. వాటిలో ఈ గీత లేదు. అది ఉన్నది మేం స్కాన్ చేసిన పూర్తి ఫోటోల్లోనే, ఆ వందా కలిపి మా ఆఫీసు దాటింది విఠల్‌రావు గారిచ్చిన సీడీలోనే. అందనేలేదన్న సీడీ వాళ్ల దగ్గర లేకపోతే, ఆ గీత అతని పులిహోర మీదికి ఎలా వస్తుంది?

మా సారు

సంతోషం ఎంతోసేపు లేదు. ఈ గీత సంగతి సంఘం ముందు చెప్పాలంటే, ముందు మా ముద్రను దొంగిలించవచ్చని, అది నా తప్పని ఒప్పుకోవాలి. అదే ముద్ర పద్ధతిని మేం అప్పటికే ఒక పెద్ద పత్రికకు ఇవ్వబోతున్నాం. ఆ హాల్లో ఆ పత్రిక ఫోటోగ్రాఫర్లు కూడా ఉంటారు.

మాధవరెడ్డి గారికి అన్నీ చెప్పి, నోట్‌బుక్‌లో నేను రాసుకున్న మాట కూడా చూపించాను. ఆయన చదివి, నోట్‌బుక్ మూసి నా వైపు నెట్టారు.

"చెప్పున్రి" అన్నారు.

"పత్రికవాళ్లు పోతారు సార్."

"పోతరు. తప్పు మనది గదా మేడమ్, ఆయన పేరు మీదికెందుకు పోవాలె? పరేషాన్ గాకున్రి, మొత్తం చెప్పున్రి. నేను పక్కన కూసుంట."

ఆయన దగ్గర జీతం తక్కువ, సెలవులు తక్కువ, ఫ్యాను చప్పుడెక్కువ. నాతో పనిచేసినవాళ్లు చాలామంది అద్దాల మేడలకు వెళ్లిపోయారు. నన్నూ పిలిచారు. ఎందుకు వెళ్లలేదని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ రోజు ఆ బల్ల దగ్గర మీరు ఉంటే అడగరు.

రెండో సమావేశం

అదే హాలు, అదే జనం. ఈసారి నేను ప్రోగ్రాం తెరవలేదు. ముందు నా తప్పు చెప్పాను. అన్ని ఫోటోలకూ ఒకే ముద్ర వేశాను, అలా వేస్తే దొంగిలించవచ్చని తెలిసే వేశాను, వీరు దొంగిలించి చూపించారు, వీరి లెక్కలో లోపం లేదు అన్నాను. పత్రిక ఫోటోగ్రాఫర్ ఒకాయన చిన్న పుస్తకంలో రాసుకోవడం కనిపించింది. నేను ఆపలేదు.

తర్వాత స్కానర్‌ను మోసుకొచ్చి బల్ల మీద పెట్టాం. అద్దం మీద గీతను కార్యదర్శి చేత తడిమించి చూపించాం. వంద ఫోటోల సగటు, పక్కనే టిఫిన్ బాక్సు, తలుపు, స్కూటర్. సత్తయ్య గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, అచ్చు పనివాళ్లు చూసినట్టు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది మా పనిల సుత అయితది. ప్లేటు మీద గీత పడితే ప్రతి కాపీ మీద వస్తది" అన్నారు. తల ఎత్తి అవతలి ఇంజినీరును చూసి, "సీడీ మీ తాననే ఉన్నది" అన్నారు.

ఆ ఇంజినీరు తన పై అధికారి వైపు చూశాడు. అతని మీద నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే ఇప్పటికీ లేదు. సీడీ విషయంలో అబద్ధమాడింది అతను కాదు. ఆ తర్వాత సైట్లో ప్రతి ఫోటో కిందా విఠల్‌రావు గారి పేరు వచ్చింది. సంఘం జాబితాలో ఆయన పేరు ఉన్నచోటే ఉంది. పత్రికవాళ్లు మర్యాదగా ఒక ఉత్తరం రాసి తప్పుకున్నారు. మాకు ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ గడ్డుగానే గడిచాయి.

ఎంత గట్టిగా

మీకు పనికొచ్చేది ఇక చెప్పబోయేది.

అంతా అయ్యాక ఆయన ఫోటోలకు కొత్తగా ముద్ర వేయాలి. ఈసారి ఫోటోలోని బొమ్మ నుంచే కీ పుట్టేలా రాశాను. బోనం ముసలమ్మ ఫోటో ముద్ర ఆ ముసలమ్మకే సరిపోతుంది, పీకి టిఫిన్ బాక్సుకు అంటిస్తే పలకదు. కానీ అచ్చులో బొమ్మ బాగా చెడితే కీ కూడా చెడుతుంది. అంటే చవక క్యాలెండర్ల మీద, చిన్న ముక్కల మీద కొన్నిసార్లు ముద్ర దొరకదు. ఎంత గట్టి, ఎంత భద్రం అన్నది ఒక అంకెతో మార్చవచ్చు. ఆ అంకె ఎక్కడ పెట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు. అంతకుముందు నేను ఎవరినీ అడగకుండా పెట్టేశాను.

ఈసారి విఠల్‌రావు గారిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరం టీ తాగుతూ అన్నీ వివరించాను. ఇటు జరిపితే మీ ఫోటోను ఎవరు వేసుకున్నా పట్టుకుంటాం, కానీ మళ్లీ ఎవరైనా మీ ముద్రను వేరే ఫోటోకు అంటించవచ్చు. అటు జరిపితే అంటించలేరు, కానీ మీ ఫోటోలు కొన్ని పోతాయి, పోయినట్టు మనకు తెలియను కూడా తెలియదు. ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి అన్నాను.

నలభై ఏళ్లు తీసిన ఫోటోలు. పేరు లేదని ఒక క్యాలెండర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చిన మనిషి. గట్టిగానే పెట్టమంటారని అనుకున్నాను.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, తెర మీది అంకెను చూశారు.

"ఆ దినం హాల్ల అందరు నవ్విండ్రు గదా బిడ్డా. నవ్వినందుకు కాదు నాకు తక్లీఫ్ అయింది. ఆ అన్నం డబ్బా నాదని వచ్చింది సూడు, దానికయింది. ఎవరిదో అన్నం, నా పేరు" అన్నారు. "నావి పోతే పోనియ్యి. నాది కానిది మాత్రం నాదని చెప్పొద్దు."

నేను అంకెను అటు జరిపాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, సరిగ్గా పడిందో లేదో చూసుకున్నారు.